రెండు వందల పది అడుగులు

వాకీటాకీ డబ్బా మీద పన్నెండు కిలోమీటర్లని రాసి ఉంది. తుకారాం కళ్లజోడు నుదుటి మీదికి తోసి, డబ్బాను ముక్కు దగ్గరికి తెచ్చుకుని మరీ చదివాడు. ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండికి గార్డుగా చేసిన మనిషి. నా చెయ్యి పట్టుకున్న దానికంటే వాకీటాకీ పట్టుకున్నదే ఎక్కువని భార్య కమలాబాయి ఇప్పటికీ దెప్పుతుంటుంది.

"పన్నెండు కిలోమీటర్లు యాడికెళ్లి యాడిదాక?" అన్నాడు.

రాణిగంజ్‌లో ఆ కొట్టు నడిపే ఉదయ్ భాస్కర్‌ది గుంటూరు వైపు. మర్యాదకు లోటు లేదు, సరుకును పొగడడానికి మొహమాటమూ లేదు. "ఎక్కడ్నుంచి ఎక్కడికైనా పన్నెండేనండి. కంపెనీవాడే రాశాడు గదండీ."

"రాసినోడు గుట్టెక్కి రాసిండు. మేం పోయేది లోయలకు."

ఉదయ్ భాస్కర్ నవ్వి, అద్దాల బీరువాలోంచి ఇంకో సెట్టు తీశాడు. నల్లగా, పొడుగాటి యాంటెన్నాతో పోలీసుల చేతిలో సెట్టులా ఉంది. దీని బలం పదింతలండి అన్నాడు. లైసెన్సు కావాలి కదా అని తుకారాం అడిగితే, అడవిలో ఎవరడుగుతారండి అన్నాడు.

"అడిగేటోడు లేడని ఎర్ర సిగ్నల్ దాటుతమా?"

ఆ మాటతో పొడుగాటి యాంటెన్నా మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది. లైసెన్సు అక్కరలేని చిన్న సెట్లు మూడు రకాలు బల్ల మీదికి వచ్చాయి. తుకారాం వాటిని తాను ముట్టుకోలేదు. వెనక స్టూలు మీద కూర్చున్న అనసూయమ్మను పిలిచాడు.

"నువ్వు చూడు చెల్లె. పట్టుకునేది నువ్వు."

అనసూయమ్మకు షుగరు. వేళ్ల చివర్లు సగం మొద్దుబారాయి. మొదటి సెట్టు సన్నగా సబ్బుబిళ్లలా ఉంది, బటన్ ఎక్కడుందో ఆమె బొటనవేలికి దొరకనే లేదు. రెండోదాని బటన్ మరీ మెత్తన. నడుముకు తగిలించుకుంటే కొంగు తగిలినా నొక్కుకుపోతుంది, ఒకరి సెట్టు అట్లా నొక్కుకుపోయిందంటే మిగతా ఎవరి మాటా ఎవరికీ చేరదు. అది వద్దని తుకారామే పక్కకు నెట్టేశాడు. మూడోది చూపుకు మొద్దులా ఉంది, బరువూ ఎక్కువే. కానీ బటన్ పెద్దది, గట్టిది, వేలికి తెలిసేది. పైగా మామూలు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ఏ పల్లెటూరి కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి.

"ఇది నొక్కకుంటే అవతలోళ్లకు వినరాదా?" అని అడిగింది అనసూయమ్మ.

"రాదండి. నొక్కి పట్టుకుంటేనే మన మాట వెళ్తుంది. వదిలేస్తేనే అవతలివాళ్ల మాట మనకొస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డం కుదరదండి."

"గిసుంటిది మా ఇంట్ల ముప్పై ఏళ్ల కిందనే ఉండాల్సిండె," అందామె. అని నవ్వింది. ఆమె నవ్వడం చూసి ఏడాది అయిందేమో. తుకారాం మాత్రం నవ్వలేక తల వంచుకుని డబ్బాలు లెక్కపెట్టాడు. ఆరు.

సీతాఫల్‌మండిలో వాళ్ల వీధి వాళ్లు నలభై మంది ఏటా చైత్ర పున్నానికి బస్సు మాట్లాడుకుని నల్లమలలో లింగమయ్య జాతరకు పోతారు. బస్సు పైన ఆగిపోతుంది. అక్కడి నుంచి రాళ్లలో, వెదురు పొదల్లో లోయలోకి దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఫోను అక్కడ ఇటుక బిళ్లతో సమానం. నిరుడు ఎక్కేటప్పుడు రఘునాథ్ దారి పక్క బండ మీద కూర్చుని, అట్లాగే పోయాడు. అనసూయమ్మ భర్త. దారిన పోయే వందలాది మంది పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. గంటా పావు తర్వాత గాని వీధి వాళ్లకు తెలియలేదు. ఇప్పుడు వీధంతా ఏకమై వాకీటాకీలు కొనమంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా ఆకులు పట్టుకోక తప్పదు గదా, అనసూయమ్మ ఈసారి తానే వస్తానని కూర్చుంది. రఘునాథ్ మూడేళ్ల మొక్కు మొక్కాడు, రెండేళ్లే తీరింది.

రఘునాథ్ రైలు డ్రైవరు. బండికి ముందర రఘునాథ్, చివరన తుకారాం, నడుమ యాభై ఎనిమిది వ్యాగన్లు. ఒకరి మొహం ఒకరికి కనపడకుండానే పద్దెనిమిదేళ్లు కలిసి తిరిగారు. ఏ రాళ్ల కోతలోనో, వానలోనో సెట్టు గురగురమనేది. "బావా, ఉన్నవా?" అనేవాడు రఘునాథ్. "ఉన్న. చెప్పు," అనేవాడు తుకారాం. వరసకు బావా కాదు, బంధువూ కాదు. పిలుపుతో అయిన చుట్టరికం. పద్దెనిమిదేళ్లలో రఘునాథ్ పిలిస్తే తుకారాం పలకని రోజు లేదు.

ఒక్క రోజు ఉంది, నిరుడు జాతర రోజు.

ఆ రోజు ఎండ మాడు పగలగొడుతోంది. రఘునాథ్ సంచీ మోయలేకపోతుంటే తుకారామే తన భుజాన వేసుకున్నాడు. నీళ్ల సీసా, తువ్వాలు, గుండె పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్రలు, అన్నీ అందులోనే ఉన్నాయి. పై మలుపులో నీళ్ల తొట్టి ఉంది, అక్కడికి చేరితే చాలనుకుంటూ తుకారాం ముందు నడిచాడు. తొట్టి దగ్గర దోసిట్లో నీళ్లు పట్టుకుంటున్నప్పుడు వెనక నుంచి వినిపించింది. "తుకారాం!" జనం అంతా లింగమయ్యా అని అరుస్తున్నారు, వాళ్ల అరుపుల్లోంచి స్పష్టంగా తన పేరు. బావా అనలేదు, పేరు పెట్టి పిలిచాడు. తుకారాంకు దాహం, కాళ్ల నొప్పులు, చిరాకు. పొద్దున్నుంచి ఆగు ఆగు అంటూనే ఉన్నాడీయన అనుకున్నాడు. వెనక్కి తిరగకుండానే "నిదానంగ రా!" అని అరిచి, నీళ్లు తాగి, పైకి పోయాడు.

తర్వాత అందరికీ ఒకటే చెప్పాడు. నేను చాలా ముందర ఉన్న, అర కిలోమీటరు పైమాటే, నాకేం తెలుసు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నోట్లోంచి వచ్చేసింది, వచ్చిన మాట ఏడాదిగా అక్కడే నిలబడింది. రఘునాథ్‌ను పైకి మోసుకొస్తున్నప్పుడు బండ దగ్గర నుంచి తొట్టి దాకా అతని కాళ్లు వాటంతటవే లెక్కపెట్టాయి. గార్డు లెక్కపెట్టకుండా నడవలేడు. రెండు వందల పది అడుగులు, మధ్యలో ఒక మలుపు.

సెట్లు కొన్న మర్నాడు యాత్ర కమిటీ పెద్ద విజయేందర్ ఒకటి పట్టుకుని మౌలాలి గుట్టెక్కాడు. టెంట్‌హౌస్ నడిపే మనిషి, దేనికైనా హడావిడి ఎక్కువ. గుట్ట మీద నుంచి మాట్లాడితే సీతాఫల్‌మండిలో డాబా మీద నిలబడ్డవాళ్లకు గంట కొట్టినట్టు వినపడింది. వీధిలో చప్పట్లు.

"దెబ్బకు పరేషాన్ అంత పోయిందన్నా!" అన్నాడు విజయేందర్ కిందికి దిగి వచ్చి. "ఒకటి బస్సు కాడ, ఒకటి గుడి కాడ. రెండు సెట్లు చాలు. ఆరెందుకు కొన్నం?"

తుకారాం ఒక సెట్టు అతని చేతికిచ్చి, గల్లీలోకి నడుస్తూ మాట్లాడమన్నాడు. మొదటి గల్లీ దాటితే గొంతు గరగరమంది. మూడో గల్లీలో ముక్కలైంది. నాలుగో గల్లీ మలుపు తిరగగానే విజయేందర్ ఉన్నాడో లేడో తెలియకుండా పోయింది.

"గుట్ట మీద కండ్లకు కనవడ్డంత దూరం మాట పోతది," అన్నాడు తుకారాం. "అడ్డమొస్తే గింతే. లోయల బండలు అడ్డం, చెట్లు అడ్డం. నిలబడి చూస్తే సెట్టు మంచిదే. నడిచి చూస్తే తెలుస్తది."

అందుకని రైల్వే పద్ధతి పెట్టాడు. మలుపుకొక సెట్టు, సెట్టుకొక మనిషి. స్టేషను నుంచి స్టేషనుకు బండిని అప్పగించినట్టు, మాటను మలుపు నుంచి మలుపుకు అప్పగించాలి. విన్నవాడు విన్నది విన్నట్టు తిప్పి చెప్పాలి. తిప్పి చెప్పేదాకా చెప్పినట్టు కాదు. ఊరికే సరే సరే అన్నవాడి చేతిలోంచి సెట్టు లాక్కుంటానన్నాడు. జనం నవ్వారు గాని ఒప్పుకున్నారు. చిక్కల్లా మలుపుల దగ్గర ఎవరు కూర్చోవాలన్న దగ్గర వచ్చింది. అంత దూరం పోయి లింగమయ్యను చూడకుండా రాళ్ల మీద కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కూడా ఆ పూట మోకాళ్లు బాగైపోయాయి.

"ఆయన కూసున్న బండ కాడ నేను కూసుంట," అంది అనసూయమ్మ. "నాకు దర్శనం ఆడనే."

విజయేందర్ కాగితం మీద గీతలు గీస్తూ అడిగాడు. "మరి దాని పైన నీళ్ల తొట్టి కాడ ఎవరు? ఆ బండకు, తొట్టికి నడుమ ఎంత దూరముంటది తుకారామన్నా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తుకారాం చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది, నిరుడు సంచీ వేలాడిన భుజం మీదికి. "ఉంటది. కొలిచి చెప్త. తొట్టి కాడ నేనుంట," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆరు సెట్లూ మంచం మీద పరుచుకుని కూర్చున్నాడు. అర కిలోమీటరని చెబితే? మలుపున్న దారిలో ఈ సెట్టు అంత దూరం లాగదని విజయేందర్ నడుమ ఇంకొకరిని పెట్టమంటాడు. సెట్లు ఆరే. ఆ ఒక్కటీ ఇంకెక్కడి నుంచో పీకాలి. గుడి కింద నీటి మడుగు దగ్గర, కాలు జారే చోట, ఎవరూ లేకుండా పోతారు. తన అబద్ధం కోసం ఒక మలుపు గుడ్డిదవుతుంది. నిజం చెబితే అనసూయమ్మ మొహం చూడాలి. ఎటు తిరిగినా ఆమె మొహమే. కమలాబాయి చాయ్ తెచ్చి పెట్టి, చల్లారిందాకా చూసి, "ఏందీ, సెట్లు కొన్నప్పటికెళ్లి పెయ్యిల పాణం లేనట్టున్నవ్," అంది. ఏం లేదన్నాడు. చివరికి, చెప్పకుండా చేద్దామనుకున్నాడు. దూరం ఎంతో ఎవరితోనూ అనకుండా మనుషులను సరిగ్గా నిలబెడితే సరి. అడుగులు ఎవరు లెక్కపెట్టొచ్చారు? దొంగకు తోచే తెలివి ఇట్లాగే ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే మౌలాలి గుట్ట మీద రిహార్సలు పెట్టారు. దర్గాకు పోయే మెట్ల పక్కన బండల్లోకి తిరిగే కాలిబాట ఉంది, లోయ దారికి అదే దగ్గర పోలిక. అందరికన్నా పైన ఒకటో నంబరు, విజయేందర్. బస్సు దగ్గర ఉండేది అతనే. రెండో నంబరు తుకారాం, మూడు అనసూయమ్మ, నాలుగు ఐదు టెంట్‌హౌస్ పనివాళ్లు. కింద చాయ్ బండి దగ్గర ఆరో నంబరు కమలాబాయి. గుట్ట చిన్నది కాబట్టి ఇక్కడ ఎవరు మాట్లాడినా ఆరుగురికీ వినపడుతుంది, జాతరలో అట్లా వినపడదు, గుర్తుంచుకోండని తుకారాం అందరికీ చెప్పాడు.

అనసూయమ్మను ఓ చదునైన బండ మీద కూర్చోబెట్టాడు. సంచీలో బిస్కెట్లు, నీళ్లు, చక్కెర బిళ్లలు ఉన్నాయో లేదో చూశాడు. ఈసారి సంచీ ఎవరి దగ్గర ఉండాలో వాళ్ల దగ్గరే ఉంది. తర్వాత పైకి నడిచాడు. అడుగులు తప్పకుండా, పెదాలు కదలకుండా. నూట నలభై దగ్గర పెద్ద బండ అడ్డమొచ్చి ఆమె కనపడకుండా పోయింది. రెండు వందల పది దగ్గర ఆగి కూర్చున్నాడు. అచ్చం తొట్టి దగ్గర కూర్చున్నట్టే ఉంది.

మాటలు షురూ అయ్యాయి. పై నుంచి విజయేందర్, "మూడు నీళ్ల క్యాన్లు కిందికి పంపుతున్నం," అన్నాడు. తుకారాం తిప్పి చెప్పి, కిందికి అందించాడు. అనసూయమ్మ తడబడకుండా తిప్పి చెప్పింది. కమలాబాయి దాకా పోయి, మూడు క్యాన్లు మూడు క్యాన్లుగానే వెనక్కి వచ్చింది. కింద నుంచి ఒకరికి కళ్లు తిరిగాయన్న మాట బయలుదేరి, నిమిషం తిరక్కుండా పైకి చేరింది. తుకారాం గుండెల మీది బరువు కాస్త దిగింది. మంచి సెట్లు. ఆమె బొటనవేలు ఎన్నుకున్న సెట్లు. ఈసారి ఎవరూ బండ మీద ఒంటరిగా మిగిలిపోరు.

కిందెక్కడో రైలు కూసింది.

"తుకారాం!"

తుకారాం సెట్టు నోటి దగ్గరికి తెచ్చుకుని బటన్ నొక్కాడు. "రెండో నంబరు. విన్న. చెప్పు చెల్లె."

సెట్టులోంచి ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"నేను బటన్ నొక్కలే అన్నా."

తుకారాంకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమైన మరుక్షణం చేతిలో సెట్టు చల్లగా తగిలింది.

"సెట్టు పక్కకు పెట్టి, ఊకెనే నోటితోని పిలిచిన. ఆ పూట ఆయన ఎట్ల పిలిచుంటడో అట్ల. నా గొంతు ఆయనంత గట్టిది సుత కాదు." సెట్టు గరగరలాడి మళ్లీ మాట్లాడింది. "ఎన్ని అడుగులు వెట్టినవ్?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఐదుగురు వింటున్నారు. విన్నది విన్నట్టు చెప్పాలని తన నోటితో పెట్టిన పద్ధతి అది. "రెండు వందల పది," అన్నాడు.

"ఏడాది సంది అర కిలోమీటరంటివి. నాకు అప్పుడే అనుమానముండె. సంచీ నీ కాడుండంగ నువ్వు అంత దూరం పోవు. నలుగురిల అడుగుతె నువ్వు చెప్పవు. గని సెట్లు వెట్టే కాడ నువ్వు దూరం తప్పు వెట్టవన్న. అది నీతోని కాదు. అందుకే ఈ బండ నాకియ్యమన్న." ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. "మా ఆయన నిన్ను పిలిచిండు. నువ్వు విన్నవు. నేను చెప్పింది తిప్పి చెప్పు."

గుట్ట మీద ఎండ పొడిచింది. కింద చాయ్ బండి దగ్గర కమలాబాయి సెట్టు చెవికి పెట్టుకుని నిలబడి ఉంటుంది. తుకారాం బటన్ మీద వేలు పెట్టాడు. ఇంత గట్టి బటన్ ఎందుకు కొన్నానా అనిపించింది.

"రఘునాథ్ పిలిచిండు," అన్నాడు. "నేను విన్న." అక్కడితో ఆపితే సరిపోయేది, ఆమె అడిగింది అంతే. కానీ బటన్ వదలబుద్ధి కాలేదు. "పేరు వెట్టి పిలిచిండు. నిదానంగ రా అని ఒర్రిన. తిరిగి చూడలే. నేను... నీళ్లు తాగి పోయిన."

వేలు తీశాడు. ఆమె తిట్టాలి, ఏడవాలి, ఏదో ఒకటి అనాలి. ఏడాదిగా అతను భయపడిందంతా అదే. ఇప్పుడు ఆ తిట్టు కోసమే చెవులు రిక్కించుకుని ఎదురు చూశాడు.

"పిలిచిండు. విన్నవు. తిరిగి చూడలే," అని తిప్పి చెప్పింది అనసూయమ్మ, మూడు క్యాన్ల గురించి తిప్పి చెప్పినట్టే. ఆ తర్వాత బండ మలుపు అవతలి నుంచి, సెట్టు లేకుండా, ఆమె గొంతు మళ్లీ వచ్చింది.

"తుకారాం! రా!"

అతను లేచాడు. బండలు పట్టుకుంటూ, జారుతూ, ఒకచోట కూలబడి లేస్తూ దిగాడు. జీవితంలో మొదటిసారి అడుగులు లెక్కపెట్టలేదు. మలుపు తిరిగేసరికి ఆమె కనపడింది. బండ మీద నిటారుగా కూర్చుని, సెట్టు పక్కన పెట్టుకుని, ఎడమ చేతి గడియారం వంక చూస్తోంది. రఘునాథ్ గడియారం అది, ఆమె మణికట్టుకు వదులు. తుకారాం ఆమె ముందు ఆగాడు. ఊపిరి అందడం లేదు.

"నాలుగు నిమిషాలు పట్టిందన్నా," అంది ఆమె తలెత్తకుండా. "నాలుగే."

నిరుడు మాత్ర సంచీలోనే ఉంది. సంచీ తన భుజాన ఉంది. దిగడానికి నాలుగు నిమిషాలు. తుకారాం బండ పక్కన నేల మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె ఓదార్చలేదు, లేవమనీ అనలేదు. గడియారం మీద కొంగు కప్పుకుని ఎదురుగా ఉన్న బండల వైపు చూస్తూ కూర్చుంది.

పక్కన సెట్టు గరగరమంది. కమలాబాయి గొంతు, బెదిరిపోయి ఉంది.

"రెండో నంబరు... ఓ రెండో నంబరు. ఏమయ్యా, ఉన్నవా?"

తుకారాం కదల్లేదు. ఏ మొహంతో పలకాలో అతనికి తెలియలేదు. సెట్టు ఇంకోసారి పిలిచింది. అనసూయమ్మ దాన్ని తీసి అతని ఒళ్లో పెట్టింది.

"పిలుస్తున్నది గద," అంది. "పలుకు."

తుకారాం కళ్లు తుడుచుకుని బటన్ నొక్కాడు.